కారు ఇంకా చూడలేదు, రూ.18,500 పంపమంటున్నారు: ఏం చేయాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని. మావారు ఎరువుల దుకాణంలో అకౌంట్లు చూస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు రూ.58,000 వస్తుంది. ఇంటి ఖర్చులు రూ.40,000, చిట్టీ రూ.5,000 పోను రూ.13,000 మిగులుతుంది. మా పేర జాయింట్ ఎఫ్‌డీ రూ.4.2 లక్షలు ఉంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, పిల్లలు ఇద్దరు, బైకు మీద ఎక్కడికీ వెళ్లలేకపోతున్నాం. ఆన్‌లైన్‌లో ఢిల్లీ నంబరుతో 2018 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ రూ.2.1 లక్షలకే కనిపించింది. అమ్మే ఆయన సికింద్రాబాద్‌లో ఆర్మీలో ఉన్నారట, జమ్మూకి బదిలీ అయిందట. ఐడీ కార్డు, ఆర్సీ ఫోటోలు పంపారు. నంబరు యాప్‌లో కొట్టి చూస్తే వివరాలు సరిగ్గానే వచ్చాయి. బుకింగ్ కింద రూ.2,999 పంపాను, ఆధార్, పాన్ కాపీలు కూడా ఇచ్చాను. ఇప్పుడు కారును ఆర్మీ లారీలో మా ఇంటికి పంపడానికి రూ.18,500 కట్టమంటున్నారు. ఎఫ్‌డీ కదపకుండా మిగతా డబ్బుకు చిట్టీ పాడాలా, లోన్ తీసుకోవాలా? బుకింగ్ డబ్బు పంపిన సంగతి మావారికి ఇంకా చెప్పలేదు.

జవాబు: అమ్మా, ఆ రూ.18,500 పంపకండి. ఈ జవాబు మొత్తం చదవడానికి ఇప్పుడు తీరిక లేకపోతే ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాది రాత్రికి చదువుకోవచ్చు.

మీకు ఫోటోల్లో చూపించిన కారు ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ అది మీతో మాట్లాడుతున్న మనిషిది కాదు. నిజమైన యజమాని ఎప్పుడో అమ్మకానికి పెట్టినప్పటి ఫోటోలు, ఆర్సీ కాపీ వీళ్ల చేతికి చిక్కి ఉంటాయి. అందుకే యాప్‌లో నంబరు కొడితే మోడల్, రంగు, సంవత్సరం అన్నీ సరిపోయాయి. ఆ నంబరుతో ఒక కారు ఉందని మాత్రమే యాప్ చెబుతుంది. అమ్ముతున్నవాడు దాని యజమాని అవునో కాదో చెప్పదు, యజమాని పేరులో కూడా కొన్ని అక్షరాలే కనిపిస్తాయి. ఐడీ కార్డు సంగతీ అంతే. అది ఫోటో ఎడిట్ చేసినది కావచ్చు, మీలాగే ఇంకెవరో నమ్మి పంపిన కార్డు కావచ్చు. మీరిచ్చిన ఆధార్ కాపీని రేపు ఇంకొకరికి ఇలాగే చూపిస్తారేమోనన్నది నా భయం.

ఈ మోసం దేశమంతటా ఏళ్లుగా నడుస్తోంది. జవాను వేషమే ఎందుకు ఎంచుకుంటారంటే, పాత కారు కొనేవాళ్లు అడగాల్సిన మూడు ప్రశ్నలకూ అందులో జవాబు ఉంది. ఇంత చౌక ఎందుకు? బదిలీ అయింది, వెంటనే వెళ్లాలి. కారు చూపించరా? కంటోన్మెంట్ లోపల ఉంది, బయటివాళ్లను రానివ్వరు. డబ్బు ముందే ఎందుకు? గేట్ పాస్ కావాలి, లారీ ఖర్చు ఉంది. పైగా సైనికుడంటే మనకున్న గౌరవం వల్ల ఇంకో ప్రశ్న వేయడానికి నోరు రాదు. ఒక జవాను సొంత కారు అమ్ముకుంటుంటే దాన్ని ఆర్మీ లారీలో కొన్నవాళ్ల ఇంటికి చేర్చి, ఆ ఖర్చు వాళ్ల దగ్గర వసూలు చేసే పద్ధతేదీ సైన్యంలో లేదు.

రూ.2,999 అడిగింది మీరు పంపుతారా లేదా చూడటానికి. రూ.18,500 కడితే ఆ తర్వాత లారీని చెక్‌పోస్టులో ఆపారంటారు, జీఎస్టీ అంటారు, ఇన్సూరెన్స్ అంటారు. ఇప్పటికే ఇంత కట్టాం కదా అని మనిషి ఆగలేడు, వాళ్లకు కావలసింది అదే. మీరు వెనక్కి అడిగితే 'రిఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అనవచ్చు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతాలోంచి పోతున్నట్టే.

ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు దేశమంతటికీ ఉన్న హెల్ప్‌లైన్. మీరు పంపిన రూ.2,999కి సంబంధించిన యూటీఆర్ నంబరు (ప్రతి చెల్లింపుకూ వచ్చే లావాదేవీ నంబరు), తేదీ, సమయం, వాళ్ల యూపీఐ ఐడీ, ఫోన్ నంబర్లు దగ్గర పెట్టుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. చాట్ డిలీట్ చేయకండి, అవతలి వాణ్ని తిట్టకండి. స్క్రీన్‌షాట్లు తీసుకున్నాకే బ్లాక్ చేయండి. మీ బ్యాంకుకూ చెప్పండి. డబ్బు మన చేతులతో మనమే పంపినప్పుడు బ్యాంకు నుంచి దాన్ని రాబట్టడం చాలా కష్టం. అవతలి ఖాతాలోంచి తీసేయకముందే ఆపించడం ఒక్కటే దారి, కాబట్టి గంటల లెక్కన తొందరపడాలి. మూడు వేలే కదా అని వదిలేయకండి, అదే ఖాతాలోకి ఇంకెవరి మూడు లక్షలో వెళ్తూ ఉండవచ్చు.

ఆధార్ విషయానికి వస్తే, ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి, అప్పుడు మీ వేలిముద్రలను ఎవరూ వాడలేరు. పాన్ కాపీతో మీ పేర ఎవరైనా లోన్ తీసుకునే ప్రయత్నం చేశారేమో క్రెడిట్ రిపోర్టులో తెలుస్తుంది. ఈ రిపోర్టు ఇచ్చే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఈ నెల ఒకటి, రెండు నెలలాగి ఇంకొకటి చూసుకుంటే ఆరునెలల పైనే కాపలా కాసినట్టవుతుంది. ఇంకో సంగతి, పోయిన డబ్బు తెప్పిస్తామని ఎవరైనా 'సైబర్ పోలీసులం' అంటూ ఫోన్ చేసి ఫీజు అడిగితే వాళ్లూ దొంగలే.

ఇక మీరు అసలు అడిగిన ప్రశ్న, చిట్టీయా లోనా. నా జవాబు రెండూ వద్దని. కారు కొనండి, మీ ఇంటికి అది అవసరమే. కానీ ఎఫ్‌డీ డబ్బుతోనే, అది కూడా మొత్తం కాకుండా.

నెలకు 600 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోలు రూ.110 అనుకుంటే రూ.4,400. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, చిన్నాచితకా రిపేర్లు కలిపి ఏడాదికి రూ.30,000 పక్కన పెట్టండి, అంటే నెలకు రూ.2,500. మొత్తం దాదాపు రూ.7,000. మీకు మిగిలే రూ.13,000లో సగానికి పైగా కారు నడపడానికే పోతుంది. దీని మీద రూ.2 లక్షల లోన్, 14 శాతం వడ్డీకి మూడేళ్లు పెట్టుకుంటే ఈఎంఐ రూ.6,835 వస్తుంది. నెలాఖరుకు మిగలడం అటుంచి రూ.835 లోటు పడుతుంది. వడ్డీగానే మూడేళ్లలో రూ.46,000 కడతారు. పాత కార్ల లోన్లకు వడ్డీ కొత్త కార్ల కంటే ఎక్కువే ఉంటుంది, షోరూం ముందు కట్టిన బ్యానర్ చూసి అంచనా వేసుకోకండి. చిట్టీ అయినా అంతే. రూ.2 లక్షల చిట్టీని రూ.50,000 వదులుకొని పాడితే చేతికొచ్చేది లక్షన్నర, నెలనెలా కట్టేది మాత్రం ఆగదు.

ఎఫ్‌డీలో మూడు నెలల ఇంటి ఖర్చు, రూ.1.2 లక్షలు ముట్టుకోకూడదు. ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఈ విషయంలో నేను రాజీపడలేను. మిగిలిన రూ.3 లక్షల్లో కారు ధర రూ.2.5 లక్షలు దాటకూడదు. రూ.50,000 ట్రాన్స్‌ఫర్ ఫీజులు, ఇన్సూరెన్స్, మొదటి సర్వీసు, బ్యాటరీ, అవసరమైతే టైర్లకు. పాత కారు కొన్న మొదటి నెలలోనే ఈ ఖర్చు మీద పడుతుంది, చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు.

ఈ బడ్జెట్‌లో 2018 స్విఫ్ట్ రాదు. మంచి కండిషన్‌లో ఉంటే రూ.4 లక్షలకు తక్కువ దొరకడం కష్టం, ఆ తేడానే మీకు వేసిన ఎర. 2013-15 నాటి వ్యాగన్ఆర్ చూడమంటాను. దాని సీటు కాస్త ఎత్తుగా ఉంటుంది, మోకాళ్లు వంచి కిందికి కూలబడనక్కర్లేదు. అత్తయ్యగారిని ఒకసారి కూర్చోబెట్టి చూడండి. కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుందని గుర్తుంచుకోండి. 2014 బండి అయితే 2029లో ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి.

ఢిల్లీ, హర్యానా నంబరు బండ్ల జోలికి పోకండి. ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పాత బండ్ల మీద ఆంక్షలు ఉంటూ వచ్చాయి కాబట్టి అక్కడి కార్లు చౌకగా మన వైపు వస్తుంటాయి. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ కలుపుకుంటే చౌక ఏమీ మిగలదు. ఖమ్మం, వరంగల్, హైదరాబాద్‌లో ఉన్న తెలంగాణ బండినే వెతకండి.

పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల్లో కొన్నా తప్పు లేదు. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ ఇచ్చే ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలన్న నిబంధన వచ్చింది, అది చూపించమని అడగండి. చాలా ఏళ్ల క్రితం నేను ఒక కన్సల్టెన్సీలో కారు కొన్నాను. ఫైనాన్స్ క్లియర్ అయిందని నోటిమాటగా చెప్పారు. నమ్మి మొత్తం డబ్బు ఇచ్చేశాను. తర్వాత చూస్తే ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది, పాత యజమాని ఇంకా మూడు వాయిదాలు బాకీ. బండి నా పేరు మీదికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ బండి తీసినప్పుడల్లా టెన్షనే. అందుకే చెబుతున్నాను, ఆర్సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోన్ ఉందన్న నమోదు) ఉంటే బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఆ నమోదు తీయించే ఫారం 35 చేతిలో పడేదాకా బేరం కుదిరినట్టు కాదు.

బండిని పగటివేళ, అమ్మేవాళ్ల ఇంటి దగ్గర చూడండి. ఆర్సీ మీద పేరున్న మనిషే ఎదురుగా ఉండాలి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో అంకె అంకె పోల్చండి. మీటరు రీడింగ్‌ను నమ్మకండి, వెనక్కి తిప్పడం పెద్ద పని కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆ నంబరు చెబితే ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసు జరిగిందో రికార్డు ఉంటుంది, యజమానిని వెంటబెట్టుకుని వెళ్లి అడగండి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. మీటరు 30,000 చూపిస్తూ టైర్లు రెండోసారి మార్చినవైతే ఎక్కడో అబద్ధం ఉంది.

ఖమ్మంలో ఉన్నారు కాబట్టి వరద బండ్ల గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు మీ ఊళ్లో, బుడమేరు విజయవాడలో ఎన్ని బండ్లను ముంచాయో మీరు చూసే ఉంటారు. అలా మునిగినవాటిలో కొన్ని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మకానికి రాకుండా ఉండవు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార ఉంటే బండి మునిగినట్టే. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి చూడండి, సీటు పట్టాల కింద తుప్పు చూడండి, ఏసీ వేయగానే ముక్క వాసన వస్తుందేమో గమనించండి. ఇలాంటి బండిలో వైరింగ్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. వెంట మీకు తెలిసిన మెకానిక్ ఉండాలి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ కాదు. ఆయనకు ఇచ్చే వెయ్యి, రెండు వేలు ఈ మొత్తం కొనుగోలులో మీరు పెట్టే మంచి ఖర్చు.

పెండింగ్ చలాన్లు పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో మీరే బండి నంబరు కొట్టి చూసుకోండి, అమ్మేవాళ్ల చేత కట్టించండి. చలాన్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) ఎవరు పంపినా తెరవకండి, దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోని ఓటీపీలు వాళ్లకు చేరిపోతాయి.

డబ్బు ఇచ్చే వరుస ఇదీ. బండి, కాగితాలు, మనిషి, మూడూ చూశాక బయానా రూ.5,000 మించకుండా, రసీదు రాయించుకుని ఇవ్వండి. మిగతాది బండి పేరు మార్పుకు వాడే ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలూ అయ్యాక, ఆర్టీఏ ఆఫీసులో స్లాట్ రోజున, ఆర్సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాలోకే పంపండి. 'మా బావమరిది ఖాతాకు వేయండి' అంటే వద్దని చెప్పండి. రూ.2 లక్షలు, అంతకు పైన నగదుగా తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం అమ్మేవాళ్లకే జరిమానా తెచ్చిపెడుతుంది, ఆ మాట వాళ్లకూ చెప్పవచ్చు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ కవర్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) బండితో పాటు వస్తుంది గానీ మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ చేయాలంటే పాలసీ మీ పేర ఉండాల్సిందే. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ప్రీమియం కొంచెం పెరుగుతుంది.

మీవారికి చెప్పలేదన్నారు. ఈ రాత్రే చెప్పండి. మీరు అజాగ్రత్త మనిషి కాదు, నంబరు యాప్‌లో కొట్టి చూశారు, పెద్ద మొత్తం పంపేముందు అడిగారు. పోయింది రూ.2,999, దగ్గర దగ్గర ఇరవై వేలు మిగుల్చుకున్నారు. ఎఫ్‌డీ ఇద్దరి పేరా ఉంది కాబట్టి అవతలివాడు రేపు ఆయన నంబరు సంపాదించి అదే కథ ఆయనకు చెప్పవచ్చు, ఆయనకు ముందే తెలిసి ఉండాలి. 1930కి ఫోన్ చేసేటప్పుడు పక్కన కూర్చోమనండి. మీరు వివరాలు చెబుతుంటే ఫిర్యాదు నంబరు ఆయన రాసుకుంటారు.