రెండో డబ్బా లేకపోయినా పర్లేదు

అన్నా, 10 లీటర్ల బీరు పెట్టాను, ఉన్నది ఒకటే డబ్బా, గరాటు పెట్టి వేరేదాంట్లోకి వంచేయనా అన్నారు కదా, ఆ పని మాత్రం చేయకండి. పులిసిన బీరులో గాలి కలిస్తే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది, అడుగు మడ్డంతా లేస్తుంది.

అసలు రెండో డబ్బా ఎందుకు? మామూలు ఏల్‌ని, అంటే గది వేడిలోనే పులిసే బీరుని, రెండు మూడు వారాలు కదపకుండా వదిలేస్తే మడ్డి దానంతటదే దిగుతుంది, నేరుగా సీసాల్లోకే తీసుకోవచ్చు. ఎండాకాలమైతే డబ్బాని నీళ్ల టబ్బులో పెట్టి తడిగుడ్డ చుట్టండి.

సీసాల్లోకి తీయడానికి హైదరాబాద్ కోఠి సర్జికల్ షాపుల్లో సిలికాన్ ట్యూబ్ అడగండి. 10 నిమిషాలు మరిగించి, కాచి చల్లార్చిన నీళ్లతో నింపి, రెండు కొసలూ వేళ్లతో మూసి, ఒక కొస టేబుల్ మీది డబ్బాలో మడ్డికి రెండంగుళాలు పైన ఉంచి, రెండోది కింద గ్లాసులోకి వదలండి, నీళ్లు పోయి బీరు రాగానే సీసా అడుగుదాకా దించండి. నోటితో పీల్చొద్దు, క్రిములు చేరతాయి.

గ్యాస్ పట్టడానికి అర లీటరు సీసాకి 3 గ్రాముల పంచదార చాలు. గ్రావిటీ, అంటే హైడ్రోమీటర్ చూపే బీరు సాంద్రత, మూడు రోజులు ఒకేలా ఉంటేనే (పులియడం ఆగినట్టు) నింపండి. కడిగి శుభ్రం చేసిన ప్లాస్టిక్ సోడా సీసాలు మేలు, నొక్కితే రాయిలా ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. నేను తొందరపడి గాజువి నింపితే అర్ధరాత్రి ఒకటి పేలింది, అమ్మ సిలిండరే అనుకుని అందర్నీ మెట్లమీదికి తరిమింది.