టెక్ సందేహాలు: రిమోట్‌లోకి వెళ్లాక మన డ్రైవ్‌లు ఎక్కడుంటాయి?

ప్రశ్న: ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల లెక్కలు రాస్తుంటాను. ట్యాలీ హైదరాబాద్‌లోని సర్వర్‌లో ఉంది. ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో అందులోకి వెళ్తాను. తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీల) ఎక్సెల్ ఫైళ్లేమో నా ల్యాప్‌టాప్ డి డ్రైవ్‌లో ఉంటాయి. సర్వర్‌లో ఫైళ్లు చూసే టోటల్ కమాండర్ ప్రోగ్రామ్ తెరిస్తే నా డ్రైవ్ కనబడటం లేదు. డి అని ఒకటి ఉంది కానీ అందులో నా ఫైళ్లు లేవు.
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ డి సర్వర్‌ది, మీది కాదు. మీ డ్రైవ్ అసలు సర్వర్ దాకా వెళ్లిందో లేదో ముందు తేల్చుకోండి.

ల్యాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ తెరిచి, కనెక్ట్ కాకముందే 'షో ఆప్షన్స్' నొక్కండి. 'లోకల్ రిసోర్సెస్' ట్యాబ్‌లో అడుగున 'మోర్' ఉంటుంది. అందులో 'డ్రైవ్స్' పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే మీ డ్రైవ్‌ల జాబితా వస్తుంది. డి ఒక్కదానికే టిక్ పెట్టి, 'జనరల్' ట్యాబ్‌కు వచ్చి 'సేవ్' చేయండి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆఫీసు వాళ్లిచ్చిన ఐకాన్ డెస్క్‌టాప్ మీద ఉంటే దాని సెట్టింగులు ఆ ఫైల్‌లోనే ఉంటాయి. విడిగా ప్రోగ్రామ్ తెరిచి మార్చినవి దానికి వర్తించవు. ఆ ఐకాన్ మీదే రైట్ క్లిక్ చేసి 'ఎడిట్'లో మార్చాలి.

ఇప్పుడు కనెక్టయ్యి, సర్వర్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి 'దిస్ పీసీ' చూడండి. 'డి ఆన్' అని, దాని వెంట మీ ల్యాప్‌టాప్ పేరు కనిపిస్తే డ్రైవ్ వచ్చేసినట్టే.

అయినా టోటల్ కమాండర్ చూపకపోవడానికి కారణం ఉంది. ఇలా వచ్చిన డ్రైవ్‌కు సర్వర్‌లో సి, డి లాంటి అక్షరం ఉండదు, చిరునామా మాత్రమే ఉంటుంది: \\టీఎస్‌క్లయింట్\డి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో (\\tsclient\d), మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. టీఎస్ అంటే టెర్మినల్ సర్వీసెస్, రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్‌కు పాత పేరు. ఆ పేరుతో నెట్‌వర్క్‌లో కంప్యూటరేదీ ఉండదు కాబట్టి పింగ్ చేస్తే (అది అందుబాటులో ఉందో లేదో కమాండ్‌తో పలకరించి చూస్తే) జవాబు రాదు, దానికి కంగారు పడొద్దు. ఒకే సర్వర్‌లో పదిమంది పనిచేస్తున్నా ఎవరి సెషన్‌లో వాళ్ల డ్రైవే ఆ పేరుతో వస్తుంది.

టోటల్ కమాండర్ అడుగున కమాండ్ రాసే గీత ఉంటుంది కదా, అక్కడ సీడీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్లు వచ్చాక కంట్రోల్, డి కలిపి నొక్కి ఆ చోటును జాబితాలో చేర్చుకుంటే రేపటి నుంచి రెండు నొక్కుల పని.

అక్షరమే కావాలంటే సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి: నెట్ యూజ్ జెడ్: \\టీఎస్‌క్లయింట్\డి /పర్సిస్టెంట్:నో. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరిచిన ప్రాంప్ట్‌లో ఇచ్చిన అక్షరం మామూలుగా తెరిచిన ప్రోగ్రాములకు కనబడదు. మామూలుగా ఇచ్చింది అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన వాటికి కనబడదు. టోటల్ కమాండర్‌ను ఎలా తెరుస్తారో ప్రాంప్ట్‌నూ అలాగే తెరవండి.

తక్‌పట్టీ ఫైళ్లను అక్కడి నుంచే నేరుగా తెరిచి రాయకండి. ప్రతి సేవ్ మీ ఇంటి ఇంటర్నెట్ మీదుగా వెళ్లి రావాలి. మధ్యలో లైన్ తెగితే ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. సర్వర్‌లోకి కాపీ చేసుకుని, పనయ్యాక తిరిగి పంపుకోవడమే క్షేమం.

ప్రశ్న: సర్వర్ నుంచి 3 జీబీ బ్యాకప్‌ను కాపీ చేసి నా ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేస్తే ఏమీ జరగదు. ఎర్రర్ కూడా రాదు.
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కాపీ-పేస్ట్ క్లిప్‌బోర్డ్ దారిలో వెళ్తుంది. 2 జీబీ దాటిన ఫైల్ ఆ దారిలో ఏ సందేశమూ లేకుండా ఆగిపోతుంది. పైన చెప్పినట్టు డ్రైవ్ జోడించుకుంటే ఈ అడ్డు ఉండదు.

పెద్ద ఫైళ్లకు విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ కమాండ్ వాడండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ పేరు, దాని వెంట సర్వర్‌లో బ్యాకప్ ఉన్న ఫోల్డర్, తర్వాత \\టీఎస్‌క్లయింట్\డి\బ్యాకప్, చివర /జెడ్ /ఆర్:3 /డబ్ల్యూ:5 అని రాయండి. జెడ్ ఉంటే కాపీ తెగినా ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే ఆర్, మధ్యలో ఎంతసేపు ఆగాలో చెప్పే డబ్ల్యూ ఇవ్వకపోతే రోబోకాపీ పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తూనే ఉంటుంది.

సమయం ముందే లెక్కేసుకోండి. 10 ఎంబీపీఎస్ వేగంతో 1 జీబీకి దాదాపు 14 నిమిషాలు, మీ బ్యాకప్‌కు 40 నిమిషాలు దాటుతుంది. ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కు పంపేటప్పుడు చూడాల్సింది మీ అప్‌లోడ్ వేగం. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఒక్కో దానికీ విడిగా రాకపోకలు జరుగుతాయి కాబట్టి ముందు జిప్ చేయండి. తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న: రిమోట్ డెస్క్‌టాప్‌లో డ్రైవ్‌లన్నిటికీ టిక్ పెట్టాను. అయినా సర్వర్‌లో ఒక్క డ్రైవూ రావడం లేదు.
– ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: సర్వర్ వైపే ఆపి ఉంటారు. సర్వర్ నియమాలు పెట్టే గ్రూప్ పాలసీలో రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద 'డివైస్ అండ్ రిసోర్స్ రీడైరెక్షన్'లో 'డూ నాట్ అలౌ డ్రైవ్ రీడైరెక్షన్' అనేది 'ఎనేబుల్డ్' అయితే మీరెన్ని టిక్‌లు పెట్టినా లాభం లేదు. సర్వర్ చూసేవాళ్లను అడగండి. వాళ్లు ఆపడానికి గట్టి కారణమే ఉండొచ్చు. తెరిచి ఉంచిన డ్రైవ్ గుండా వైరస్ రెండు వైపులా నడుస్తుంది. సర్వర్‌కు డబ్బు కోసం ఫైళ్లను బంధించే రాన్సమ్‌వేర్ సోకితే మీ ల్యాప్‌టాప్ ఫైళ్లకూ తాళం వేయగలదు.

అందుకే, అనుమతి దొరికినా అన్నిటికీ టిక్ పెట్టకండి. సి డ్రైవ్‌ను ఎప్పుడూ ఇవ్వొద్దు. పనికి కావలసిన ఫైళ్లను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి దానికొక్కదానికే టిక్ పెట్టండి, పని ముగిశాక తీసేయండి.