పాత టీవీకి హెచ్‌డీ ప్యాక్ దండగ

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నాను. మా మామగారు 2005లో రిటైరైనప్పుడు కొన్న 29 అంగుళాల డబ్బా టీవీ ఇప్పటికీ పనిచేస్తోంది. బొమ్మ బాగుంటుందని ఏడాది క్రితం హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు పెట్టించుకున్నాం. మామూలు ప్యాక్ కన్నా హెచ్‌డీ ప్యాక్‌కు అదనంగా నెలకు 90 రూపాయలు, దానిపై జీఎస్టీ కడుతున్నా తేడా తెలియడం లేదు. పైగా తెర అంచుల్లో అక్షరాలు తెగిపోతున్నాయి. షాపులో 43 అంగుళాల టీవీని ‘నో కాస్ట్ ఈఎంఐ’ మీద, అంటే వడ్డీ లేని వాయిదాల మీద ఇస్తామంటున్నారు. నెలకు 2,250 చొప్పున 12 నెలలు, ప్రాసెసింగ్ ఫీజు 499, దానిపై జీఎస్టీ. రొక్కం ఇస్తే 25,200. అదే షాపులో 32 అంగుళాలది 12,000. ఖర్చులన్నీ పోను మాకు నెలకు 2,500 మిగులుతుంది. పాత టీవీ తీసేయడం అత్తగారికి ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కొత్త టీవీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ రోజే మీ డీటీహెచ్ సంస్థకు ఫోన్ చేసి హెచ్‌డీ ప్యాక్ తీయించి, అవే చానెళ్లను మామూలు ప్యాక్‌లో పెట్టించుకోండి. బాక్సు మార్చనక్కర్లేదు. హెచ్‌డీ బాక్సులో మామూలు చానెళ్లు కూడా చక్కగా వస్తాయి.

మీ టీవీలో లోపం లేదు, బాక్సులోనూ లేదు. ఒకసారి టీవీ వెనక్కి వెళ్లి చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులున్న మూడు వైర్లు కనిపిస్తాయి. వాటిలో ఎరుపు, తెలుపు శబ్దానికి. బొమ్మ మొత్తం ఆ ఒక్క పసుపు వైరులోంచే రావాలి. ఆ వైరు మోసేది, మీ పిక్చర్ ట్యూబు చూపేది పైనుంచి కిందికి 576 అడ్డగీతలతో కూర్చిన బొమ్మ. హెచ్‌డీ చానెల్ పంపేది 720 లేదా 1080 గీతల బొమ్మ. బాక్సు ఆ పెద్ద బొమ్మను కుదించి మీ టీవీకి అందిస్తోంది. మహా అయితే కాస్త తేటగా కనిపిస్తుందేమో గానీ, మీరు డబ్బు కట్టిన హెచ్‌డీ మాత్రం ఆ తెర మీదికి రాదు. 18 శాతం జీఎస్టీతో కలిపి నెలకు 106 రూపాయల 20 పైసలు, ఏడాదికి 1,274 రూపాయలు ఇలా పోయాయి. టీచరు జీతంలోంచి పోయిన సొమ్ము కాబట్టి చిన్నదని నేను అనలేను.

ఇంకో మాట. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 టారిఫ్ ఉత్తర్వులో నెట్‌వర్క్ చార్జీ (చానెళ్ల సంఖ్యను బట్టి కట్టేది) లెక్కకు ఒక హెచ్‌డీ చానెల్‌ను రెండు మామూలు చానెళ్ల కింద జమకట్టింది. అదే చానెల్‌ను మామూలుగానూ, హెచ్‌డీలోనూ రెండుసార్లు తీసుకుని కడుతున్న ఇళ్లను నేను చాలా చూశాను. ఫోన్ చేసినప్పుడు మీ చానెళ్ల జాబితా మొత్తం చదివించుకోండి. ఎవరూ చూడనివి తీసేయించండి.

అక్షరాలు తెగిపోవడానికి పైసా ఖర్చు లేని మార్గముంది. హెచ్‌డీ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9, మీ తెరది 4:3. బాక్సు రిమోట్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి టీవీ రకాన్ని 4:3గా, బొమ్మ తీరును లెటర్‌బాక్స్‌గా పెట్టండి. పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ కొంచెం చిన్నదవుతుంది, అక్షరాలు మాత్రం పూర్తిగా కనిపిస్తాయి. హెచ్‌డీఎంఐ (హెచ్‌డీ బొమ్మను, శబ్దాన్ని ఒకే వైరులో మోసేది) నుంచి ఈ మూడు వైర్లకు మార్చే కన్వర్టర్ కొనమని ఎవరైనా చెబితే కొనకండి. ఆ కుదింపు పని మీ బాక్సు ఇప్పటికే చేస్తోంది.

ఇక ఈఎంఐ. రొక్కానికి 25,200 అయిన టీవీకి వాయిదాల్లో 27,000 కడుతున్నారు. ఆ 1,800 తేడాకు ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి మరో 589 చేర్చండి. మొత్తం 2,389 రూపాయలు. నెలనెలా అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి ఇది ఏడాదికి 17 శాతానికి పైగా వడ్డీ కట్టినట్టే. సున్నా వడ్డీ అన్న భావనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. షాపులో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘ఇప్పుడే మొత్తం కడితే ఎంతకు ఇస్తారు?’ మీరు అది అడిగారు, అందుకే ఈ లెక్క బయటపడింది. నాకు అంతకంటే దిగులు కలిగించేది మరొకటి. మిగిలే 2,500లో 2,250 వాయిదాకు పోతే ఏడాది పొడవునా మీ చేతిలో 250 రూపాయలే ఉంటాయి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. ఒక్క రాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఆటో ఖర్చులకే చాలదు.

కొనాలనుకుంటే 32 అంగుళాలది, రొక్కానికే కొనండి. ఆ 2,500కు ప్యాక్ తగ్గించగా మిగిలే 106 కలిపి వేరే ఖాతాలో వేస్తూ రండి. ఐదు నెలలకు 13,000 దాటుతుంది. ఎనిమిది అడుగుల దూరం నుంచి చూసే గదికి ఆ తెర చాలు. కరెంటు ఆదా అవుతుందన్న మాట విని తొందరపడకండి. రోజుకు ఐదు గంటలు చూసినా నెలకు ఏడెనిమిది యూనిట్లకు మించి తేడా ఉండదు.

కొత్త టీవీ బిగించే రోజు మీరు దగ్గరుండండి. పాత మూడు రంగుల వైర్లనే కొత్త టీవీకి తగిలించి వెళ్లిపోతుంటారు. అలా చేస్తే హెచ్‌డీ మళ్లీ రాదు. బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు వేయించి, బాక్సు సెట్టింగ్స్‌లో టీవీ రకాన్ని 16:9కు, బొమ్మను 1080కి మార్పించండి. ఆ రోజు మీ అత్తగారు రోజూ చూసే రెండు మూడు చానెళ్లకు హెచ్‌డీ పెట్టించండి, చాలు.

అత్తగారి విషయంలో తొందర వద్దు. మామగారి రిటైర్మెంటు డబ్బుతో వచ్చిన వస్తువు అది. లెటర్‌బాక్స్ పెట్టి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో ఆవిడనే అడగండి. చాలంటే ఆ టీవీ ఇంకో రెండేళ్లు ఉండనివ్వండి, కూడబెట్టిన 13,000 అత్యవసర ఖాతాలో ఉంటుంది. తీసేద్దామని ఆవిడే అన్న రోజున మాత్రం పాత సామాన్ల వాళ్లకు ఇవ్వకండి. పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది, పగలగొడితే ప్రమాదం. ఈ-వ్యర్థాలు సేకరించే అధీకృత కేంద్రానికి అప్పగించండి, లేదా ఎక్స్చేంజ్ కింద ఎంత తగ్గిస్తారో కొత్త టీవీ ఇచ్చే షాపులోనే అడగండి.