పాలతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో ప్రోటీన్‌ను జీర్ణం చేసే ఎంజైమ్ జన్యువు గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. వాక్యం చక్కగా నడిచింది కానీ, మొదటి పేరాలోనే జన్యువును కత్తిరించి, అతికించి, చదివేసి ముగించావు. అంత శ్రమ ఎందుకు పడ్డారో పాఠకుడికి తెలియనే లేదు.

పాలతో మొదలుపెట్టు. లాక్టోకాకస్ లాక్టిస్ అనే ఆ బ్యాక్టీరియాకు కావలసిన అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి, పాలలో విడిగా దొరికేవి స్వల్పం. అధికభాగం కేసీన్ అనే పాల ప్రోటీన్‌లో ముడిపడి ఉంటాయి. ఆ కేసీన్‌ను కణకవచం మీదే తునకలు చేసే ప్రోటీనేజ్ అనే ఎంజైమ్‌కు మూలమైన పీఆర్‌టీ-పీ జన్యువు చాలా రకాల్లో ప్లాస్మిడ్‌పై, అంటే క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయంపై, ఉంటుంది. ఆ ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న కణాలు బతుకుతాయి గానీ, పాలలో నత్తనడకన పెరుగుతాయి. రెండు పరీక్షనాళికలను పక్కపక్కన చూపించు: ఒకదానిలో పాలు గడ్డకట్టాయి, రెండోదాన్ని వంచితే ఇంకా పారుతున్నాయి. వాహక ప్లాస్మిడ్‌లో చేర్చిన జన్యువును అందుకున్నాక ఆ రెండో రకం కణాలు కూడా పాలను త్వరగా తోడుపెట్టగలిగితే, క్లోనింగ్ (జన్యువును వేరుచేసి మరో కణంలోకి చేర్చడం) ఫలించిందని పాఠకుడు తన కళ్లతోనే గ్రహిస్తాడు.

డబ్ల్యూజీ2 అనే లాక్టోకాకస్ రకం నుంచి తీసిన ఈ జన్యువు క్రమం, అంటే దాని డీఎన్ఏ అక్షరాల వరుస, 1988లో వెలువడింది. దాన్నిబట్టి లెక్కగట్టిన ప్రోటీన్ పొడవు సుమారు 1900 అమైనో ఆమ్లాలు. కోతపని చేసే ఆస్పార్టేట్, హిస్టిడిన్, సెరీన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్న చోట్ల అది బాసిల్లస్ బ్యాక్టీరియా ఎంజైమ్ సబ్టిలిసిన్‌ను పోలి ఉండటంతో, అది సెరీన్ ప్రోటీనేజ్ కుటుంబానికి చెందినదని తేలింది. పాత పత్రాల్లో స్ట్రెప్టోకాకస్ క్రిమోరిస్ అన్న పేరు కనిపిస్తే వేరే జీవి అనుకోకు, ఈ డబ్ల్యూజీ2 బ్యాక్టీరియాకే అది పాత పేరు.

నీ వ్యాసంలో లేనిదీ, నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ పొరుగు జన్యువు పీఆర్‌టీ-ఎం కథ. అది తయారుచేసే లైపోప్రోటీన్ (కొవ్వు అంటిన ప్రోటీన్) సాయం లేకపోతే ప్రోటీనేజ్ తయారవుతుంది కానీ, క్రియాశీలం కాదు. ఈ సంగతి 1989లో బయటపడింది. తొలిరోజుల్లో నేనూ ఒక వ్యాసంలో “క్రమం తెలిసింది కనుక ఎంజైమ్ చేతికొచ్చినట్లే” అని రాసి, సంపాదకుడి చేత చీవాట్లు తిన్నాను. జన్యువు దొరకడం వేరు, ఎంజైమ్ పనిచేయడం వేరు. నీ వ్యాసానికి ఆయువుపట్టు ఆ ఎడంలోనే ఉంది, అక్కడే ఎక్కువసేపు నిలబడు.

ఈ రెండు జన్యువులూ వీపులు ఆనించుకుని, అటొకటి ఇటొకటిగా నడుస్తాయి. బొమ్మలో బాణాలు ఒకదాన్నుంచి ఒకటి దూరంగా, వ్యతిరేక దిశల్లో ఉండాలి. తిరగరాసిన ప్రతితోపాటు ఆ బొమ్మనూ పంపు, చేత్తో గీసినదైనా సరే.