ప్రీమియం పెరిగిందని కుక్క బీమా కంపెనీ మార్చేయవచ్చా?

ప్రశ్న: మా ల్యాబ్రడార్ బ్రూనోకి ఏడో ఏడు నడుస్తోంది. మూడేళ్లుగా ఒకే కంపెనీలో బీమా కడుతున్నాం. ఈసారి రెన్యువల్ నోటీసులో ప్రీమియం దాదాపు ఒకటిన్నర రెట్లు చేశారు. మేం ఇంతవరకు చెవి ఇన్‌ఫెక్షన్‌కు రెండుసార్లు మాత్రమే క్లెయిమ్ చేసుకున్నాం. వేరే కంపెనీ చాలా తక్కువకే ఇస్తానంటోంది. వాళ్ల ఫారంలో "కుక్కకు ఇంతకుముందు ఏదైనా జబ్బు గానీ, జబ్బు లక్షణం గానీ కనిపించిందా?" అని ఉంది. పోయినేడాది బ్రూనో వెనక కాలు కుంటితే డాక్టరుకు చూపించాం. ఏమీ లేదన్నారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అది కూడా రాయాలా? మా వారేమో అసలు బీమానే వద్దు, ఆ డబ్బేదో నెలనెలా బ్యాంకులో దాచుకుందాం అంటున్నారు. వైద్యం బిల్లులు చూస్తేనేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు కాలు సంగతి చెబుతాను. రాయాలి.

ఫారంలో వాళ్లు జబ్బు ఒక్కటే అడగలేదు, లక్షణం అని కూడా అడిగారు. కుంటడం లక్షణమే. డాక్టరు ఏమీ లేదన్నారన్నది మీకు ఊరట కలిగించే మాట గానీ, ఆ ప్రశ్నకు జవాబు కాదు. "ఫలానా నెలలో వెనక కుడి కాలు కుంటింది, డాక్టరు పరీక్షించి సమస్య లేదన్నారు, నాలుగు రోజుల్లో తగ్గింది, మళ్లీ రాలేదు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు. కుడో ఎడమో తప్పకుండా రాయండి. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

బీమా ఒప్పందానికి మిగతా ఒప్పందాలకు లేని గుణం ఒకటుంది. ఇల్లు కొనేవాడు చూసి కొనుక్కుంటాడు. బీమా కంపెనీ మీ కుక్కను చూడదు, మీరు చెప్పింది నమ్మి ప్రీమియం నిర్ణయిస్తుంది. అందుకే ఇరువైపులా పూర్తి నిజాయితీ ఉండాలని న్యాయస్థానాలు అంటాయి. దీనికి మూలంగా మా లాయర్లు చెప్పుకునే కేసు 1766 నాటిది, కార్టర్ వర్సెస్ బోమ్. సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోట గవర్నరు కార్టర్, శత్రువులు కోటను పట్టుకుంటే వచ్చే నష్టానికి బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు వచ్చి పట్టుకున్నారు. కోట బలహీనమని దాచిపెట్టావంటూ బీమా ఇచ్చిన బోమ్ డబ్బు ఇవ్వనన్నాడు. బీమా చేయించేవాడు తనకు తెలిసిన ముఖ్యమైన సంగతులు దాచకూడదని జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ సూత్రం చెప్పాడు. తమాషా ఏమిటంటే, ఆ కేసులో గెలిచింది కార్టరే. తాను తెలుసుకోగలిగి ఉండీ అడగని సంగతిని అడ్డం పెట్టుకుని బీమా ఇచ్చినవాడు తర్వాత తప్పించుకోలేడని కూడా అదే తీర్పు అంది. ఈ రెండో సగాన్ని కంపెనీలు అంతగా గుర్తు చేయవు.

దాస్తే ఏమవుతుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 2012లో వచ్చిన చట్టం సామాన్య వినియోగదారుల బరువు కొంత తగ్గించింది. అడిగిన ప్రశ్నకు తగిన జాగ్రత్తతో జవాబిస్తే చాలు. అజాగ్రత్తగా తప్పు చెబితే, నిజం తెలిసుంటే ఎక్కువ ప్రీమియం తీసుకునేవాళ్లమని కంపెనీ చూపించినప్పుడు క్లెయిమ్ ఆ మేరకు తగ్గుతుంది. 80 కట్టాల్సిన చోట 60 కట్టి ఉంటే, మీకు వచ్చేది క్లెయిమ్‌లో 75 శాతం. తెలిసీ దాస్తే మాత్రం పాలసీ మొత్తం పోతుంది. ఇంత దయ చూపని చట్టాలూ ఉన్నాయి.

మరి అమ్మేటప్పుడు చికిత్స రికార్డులు అడగరు కదా, వాళ్లకెలా తెలుస్తుందనుకుంటారేమో. అమ్మేటప్పుడు అడగరు, క్లెయిమ్ వచ్చినప్పుడు అడుగుతారు. బ్రూనో పుట్టినప్పటి నుంచి ఏ క్లినిక్‌లో ఏం రాశారో అన్నీ తెప్పించుకుంటారు. నేను చూసిన కుక్క బీమా తగాదాల్లో ఎక్కువ వాటికి కారణం పెద్ద జబ్బు కాదు, డాక్టరు రాసిన ఒక్క వాక్యం. "చిన్నప్పటి నుంచి అప్పుడప్పుడూ కుంటుతుందని యజమాని చెప్పారు" అని రాసి ఉంటుంది. యజమాని ఆ రోజు ఏదో మాటవరసకు అన్నారు. నాలుగేళ్ల తర్వాత ఆ వాక్యమే కీలు ఆపరేషన్ ఖర్చుకు అడ్డుపడుతుంది. కాబట్టి ఫారం నింపే ముందు మీ క్లినిక్ నుంచి బ్రూనో పూర్తి రికార్డు కాపీ తీసుకుని చదవండి. కుడి కాలు బదులు ఎడమ కాలు అని రాయడం లాంటి తప్పు ఏదైనా ఉంటే సరిదిద్దమని రాతపూర్వకంగా అడగండి. తేదీ మార్చమనో, మాట తీసేయమనో మాత్రం డాక్టరును అడగకండి. అది మోసం కిందికి వస్తుంది. మీతోపాటు ఆయన కూడా ఇరుక్కుంటారు.

ఇక కంపెనీ మార్చడం. తక్కువ ప్రీమియం చూసి మారడమంటే, మీ విషయంలో కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కావచ్చు. ముందే ఉన్న జబ్బులకు బీమా వర్తించదనే షరతు దాదాపు ప్రతి పాలసీలో ఉంటుంది. పాత కంపెనీ దగ్గర బ్రూనో చెవి సమస్య పాలసీ నడుస్తుండగా వచ్చిన జబ్బు. కొత్త కంపెనీ దగ్గర అదే జబ్బు ముందే ఉన్నది. చెవి ఇన్‌ఫెక్షన్లు చాలాసార్లు చర్మపు అలర్జీతో ముడిపడి తిరిగి తిరిగి వస్తుంటాయి. కొత్త కంపెనీ చెవిని మినహాయిస్తుందా, లేక "చెవి, చర్మం, అలర్జీ సంబంధమైనవన్నీ" అని మినహాయిస్తుందా అన్నది పెద్ద తేడా.

కాలి దగ్గరా ఇదే చిక్కు. కొన్ని పాలసీల్లో ఒక పక్క వచ్చిన సమస్య రెండో పక్కకూ వచ్చినట్టే లెక్క అనే షరతు ఉంటుంది. మోకాలి లిగమెంటు ఒక కాలికి తెగిన కుక్కల్లో చాలావాటికి తర్వాత రెండో కాలికీ తెగుతుంది, కంపెనీలకు ఆ సంగతి బాగా తెలుసు. ల్యాబ్రడార్లకు తుంటి, మోచేతి కీళ్ల బాధలు కూడా జాతి లక్షణమే. అందుకే కుడో ఎడమో రాయమన్నాను, ఈ షరతు ఉందో లేదో చూడమంటున్నాను.

అమెరికాలో రాష్ట్రాల బీమా నియంత్రణాధికారుల సంఘం 2022లో పెంపుడు జంతువుల బీమాకు ఒక నమూనా చట్టం తయారుచేసింది. కొన్ని రాష్ట్రాలు దాన్ని అమలులోకి తెచ్చాయి. ఎక్కడున్నవాళ్లైనా తమ పాలసీని దానితో పోల్చి చూసుకోవచ్చు. ఒక పాలసీలో కవరైన జబ్బును అదే పాలసీ రెన్యువల్ చేసేటప్పుడు ముందే ఉన్న జబ్బు అనకూడదంటుంది. ముందే ఉన్న జబ్బు అని కంపెనీ అంటే రుజువు చేయాల్సిన భారం కంపెనీదే అంటుంది. జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలయ్యాక కవర్ వర్తించని తొలి రోజులు, 30 రోజులు దాటకూడదు, ప్రమాదాలకు అసలు ఉండకూడదు. పాలసీ నచ్చకపోతే, క్లెయిమ్ చేయనంతవరకు 15 రోజుల్లో వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. మీ దగ్గర ఇలాంటి చట్టం లేకపోయినా, ఈ ప్రశ్నలనే కొత్త కంపెనీకి ఈమెయిల్‌లో పంపండి. తడుముకోకుండా జవాబిచ్చే కంపెనీతో క్లెయిమ్ వేళా గొడవ తక్కువ.

ప్రీమియం అంత పెంచడం న్యాయమేనా అన్నది మీరు అడక్కపోయినా మీ ఉత్తరంలో ఉంది. ఏడాది పాలసీ అంటే ఏడాదికొక కొత్త ఒప్పందం. ధర పెంచబోమని పాలసీలో మాట ఇచ్చి ఉంటే తప్ప, పెంచడం ఒప్పంద భంగం కాదు. కుక్క వయసు పెరిగింది. స్కానింగులు, కీమోథెరపీ, స్పెషలిస్టులు ఇప్పుడు జంతువులకూ వచ్చారు. మనుషులకు ఉన్నట్టు కుక్కలకు ప్రభుత్వ ఆసుపత్రి భరోసా సాధారణంగా ఉండదు కాబట్టి బిల్లు మొత్తం మీ మీదో కంపెనీ మీదో పడుతుంది. అయినా ఎందుకింత పెంచారో రాసి అడగండి. కాలు కుంటడాన్ని క్లెయిమ్‌గా నమోదు చేసేసి ఉండవచ్చు, వయసు తప్పు పడి ఉండవచ్చు. అడిగినందువల్ల పోయేదేమీ లేదు.

ప్రీమియం తగ్గించుకోవాలంటే పాత పాలసీలోనే దారులున్నాయి. కుక్క తప్పిపోతే ప్రకటన ఖర్చు, ప్రయాణం రద్దయితే పరిహారం లాంటి అలంకారాలు తీసేయమనండి. కుక్క చనిపోతే ఇచ్చే మొత్తం కూడా చాలాచోట్ల కొన్న ధరకు మించదు. మనకు బ్రూనో బిడ్డలాంటివాడే గానీ, చట్టం దృష్టిలో ఇంకా ఆస్తే. డిడక్టిబుల్, అంటే మొదట మీరు భరించే మొత్తం, పెంచుకోవచ్చు. వైద్యం ఖర్చు పరిమితిని మాత్రం తగ్గించకండి, బీమా చేసేదే దానికోసం.

పరిమితిలోనూ రకాలున్నాయి. కొన్ని పాలసీలు ప్రమాదాలకే డబ్బిస్తాయి. కొన్ని ఒక్కో జబ్బుకు 12 నెలలు ఇచ్చి ఆపేస్తాయి. మూడోరకం జబ్బుకింత అని ఇచ్చి, అది అయిపోతే చేతులెత్తేస్తాయి. నాలుగోది రెన్యువల్ చేసిన ప్రతిసారీ పరిమితిని కొత్తగా మొదలుపెడుతుంది, ఖరీదు ఎక్కువ. షుగర్ వచ్చిన కుక్కకు ఇన్సులిన్ జీవితాంతం కావాలి. 12 నెలల పాలసీ ఉన్నవాళ్లు రెండో ఏడు నుంచి సొంత డబ్బే పెట్టుకోవాలి, అప్పటికి వేరే కంపెనీ ఆ జబ్బుకు కవర్ ఇవ్వదు. మీకు చవగ్గా ఇస్తామన్న పాలసీ వీటిలో ఏదో ముందు చూడండి. రెండు ధరల మధ్య తేడా సగం అక్కడే తేలిపోతుంది.

కో పే, అంటే బిల్లులో మీరు భరించే శాతం, దగ్గర చిన్న లెక్క. బిల్లు 100 అనుకుందాం. డిడక్టిబుల్ 10, కో పే 20 శాతం. ముందు 10 తీసేసి మిగిలిన దానిలో 80 శాతం ఇస్తే మీకొచ్చేది 72. ముందు 80 శాతం లెక్కగట్టి అందులోంచి 10 తీస్తే 70. ఏ వరసలో తీస్తారో పాలసీలో ఉంటుంది. డిడక్టిబుల్ ఏడాదికొకసారా, జబ్బుకొకసారా అన్నది ఇంతకంటే పెద్ద సంగతి. కుక్క ఫలానా వయసు దాటాక కో పే మొదలయ్యే పాలసీలు చాలానే ఉన్నాయి. బ్రూనో ఆ గుమ్మం దగ్గరే ఉన్నాడు.

మీ వారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. టీకాలు, చెవి మందులు, పళ్లు శుభ్రం చేయించడం లాంటివాటికి దాచుకున్న డబ్బే మేలు. చిక్కల్లా పెద్ద ఆపరేషన్ మూడో నెలలోనే వస్తే. అప్పటికి ఆ ఖాతాలో మూడు నెలల డబ్బే ఉంటుంది. ఇంకొకటి, బ్రూనో ఎవరినైనా కరిచినా, రోడ్డు మీదికి ఉరికి ప్రమాదం తెచ్చినా పరిహారం యజమాని మీద పడుతుంది. యజమాని తప్పు లేకపోయినా బాధ్యత వేసే చట్టాలున్నాయి. బెర్లిన్, హాంబర్గ్ లాంటి చోట్ల కుక్కకు ఈ బాధ్యత బీమా తప్పనిసరి కూడా. ఆ మొత్తం మీరు దాచుకున్నదానికి ఎన్ని రెట్లుంటుందో ఎవరూ చెప్పలేరు. మా ఇంట్లోనైతే నేను డిడక్టిబుల్ ఎక్కువున్న పాలసీ ఉంచుకుని, తగ్గిన ప్రీమియాన్ని నెలనెలా పక్కన పెట్టేదాన్ని. మీ ఇద్దరి మాటా నెగ్గుతుంది.

మీ ఉత్తరాన్ని బట్టి నా అభిప్రాయం, పాత కంపెనీలోనే ఉండటం. చెవి, కాలు రెండూ వాళ్ల దగ్గర కవరవుతున్నాయి. మారాలనే అనుకుంటే, బ్రూనో రికార్డు మొత్తం కొత్త కంపెనీకి పంపి, వేటిని మినహాయిస్తారో పేరుపేరునా రాసివ్వమనండి. ఫోన్‌లో "ఫర్వాలేదు మేడమ్, అన్నీ కవరవుతాయి" అన్న మాటను నమ్మి ముందుకెళ్లకండి. ఆ కాగితం చూసి తృప్తి పడ్డాకే పాలసీ తీసుకోండి. తీసుకున్నా, వెయిటింగ్ పీరియడ్ ముగిసేదాకా పాతది నడవనివ్వండి. ఆ నెలా రెండు ప్రీమియాలు కడతారు, కానీ ఒకే బిల్లుకు రెండుచోట్లా డబ్బు తీసుకోకూడదు. అయిన ఖర్చుకు మించి బీమా ఇవ్వదు. రెండో పాలసీ ఉన్న సంగతి అడిగితే చెప్పాలి.

రేపు ఎవరైనా క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు కింద, ఏ రికార్డులోని ఏ మాట ఆధారంగా అన్నది రాతలో తీసుకోండి. షరతు రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటే, దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలన్నది కోర్టులు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. కంపెనీ ఫిర్యాదుల విభాగం, తర్వాత బీమా ఫిర్యాదుల అధికారి, ఆ తర్వాతే కోర్టు. ప్రతిదానికీ గడువు ఉంటుంది, తిరస్కరణ లేఖ అందిన తేదీ ఉన్న కవరు కూడా పారేయకండి. బ్రూనో టీకాల పుస్తకంలో ఈ ఏడాది ముద్ర పడిందో లేదో ఇవాళే చూడండి. టీకా తప్పిన జబ్బుకు డబ్బు ఇవ్వబోమనే షరతు మీ పాత పాలసీలో కూడా ఉండే ఉంటుంది.