వేగాస్‌లో రూమ్ రేటు ఒక్కటే చూడకండి

డల్లాస్ నుంచి నలుగురం వెళ్తున్నాం, స్ట్రిప్ (పెద్ద క్యాసినో హోటళ్లుండే ప్రధాన రోడ్డు) మీద రాత్రికి 60 డాలర్ల రూమ్ చౌకేనా అని అడిగారు కదా. ఆ 60కి రిసార్ట్ ఫీజు, అంటే హోటల్ రోజుకింతని తప్పనిసరిగా వేసే అదనపు రుసుము, కలుస్తుంది, ఆ ఫీజు మీద కూడా టాక్స్ పడుతుంది. చాలా చోట్ల బిల్లు దాదాపు రెట్టింపవుతుంది. కారులో వెళ్తే పార్కింగ్ వేరే. కాబట్టి ఆఖరి మొత్తాన్నే పోల్చుకోండి. శుక్ర, శనివారాలు వదిలేసి ఆదివారం దిగితే రేటు బాగా తగ్గుతుంది. జనవరిలో సీఈఎస్ అనే భారీ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం మాత్రం ఏ రోజైనా వాత తప్పదు.

అసలు జేబు ఖాళీ అయ్యేది టేబుల్ దగ్గర. బ్లాక్‌జాక్ అనే పేకాటకి కూర్చునే ముందు టేబుల్ గుడ్డ మీద అచ్చేసింది చదవండి. 3:2 అని ఉంటే బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే 21) పడినప్పుడు 10 డాలర్ల పందేనికి 15 వస్తాయి, 6:5 అయితే 12 మాత్రమే. స్ట్రిప్‌లో తక్కువ పందెం టేబుళ్లు ఎక్కువగా 6:5వే! అంకెల చక్రం తిప్పే రౌలెట్‌లో సున్నాలు లెక్కపెట్టండి: ఒకటుంటే పందెంలో సగటున క్యాసినోకి మిగిలే వాటా 2.7 శాతం, రెండుంటే 5.26, మూడుంటే 7.69.

మీవి చిన్న పందేలే అన్నారు కాబట్టి నా ఓటు డౌన్‌టౌన్‌లోని ఫ్రీమాంట్ స్ట్రీట్‌కే. అక్కడ కనీస పందెం సాధారణంగా తక్కువ. స్ట్రిప్ చూడాలనిపిస్తే అక్కడికి నడిచే డ్యూస్ అనే సిటీ బస్సెక్కండి.