వీఆర్‌లో చూసి చేసిన కారు ఘాట్‌లో ఎందుకు ఇబ్బంది పెడుతోంది?

ప్రశ్న: జయపురంలో ట్యాక్సీ నడుపుతాను. సాలూరు ఘాట్‌లో కుడి మలుపు తిరిగేటప్పుడు ముందద్దం పక్కన పైకప్పుని మోసే పిల్లర్ అడ్డొచ్చి ఎదురొచ్చే లారీ కనబడదు, మెడ సాచి చూడాల్సొస్తోంది. కారు తయారుకాక ముందే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే లేని కారులో కూర్చున్నట్టే చూపించే కళ్లజోడు లాంటిది, పెట్టుకుని అన్నీ చూసేసుకుంటారని మా మేనల్లుడు అంటాడు. మరి ఇది వాళ్లకి కనబడలేదా?
– ఒక డ్రైవర్, జయపురం

జవాబు: కనబడే ఉంటుంది డ్రైవర్ గారూ, వీఆర్‌కి బాగా చేతనైన పని అదే. ఇంకా రేకు కూడా కొట్టని కారులో మీ ఎత్తు మనిషి కూర్చుంటే కళ్లు ఎక్కడుంటాయో అక్కడినుంచే చూపిస్తుంది, తల కాస్త వంచితే దృశ్యమూ మారుతుంది. మామూలు కంప్యూటర్ తెర మీద ఇంత తెలీదు, అది ఒంటికన్ను చూపు. మన రెండు కళ్ల మధ్య సుమారు 63 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కదా, పిల్లర్ అంతకన్నా సన్నగా ఉంటే ఒక కంటికి దాగిన లారీ రెండో కంటికి దొరుకుతుంది, లావైతే రెండింటికీ దొరకదు. హెడ్‌సెట్ ఏ కంటి బొమ్మ ఆ కంటికి ఇస్తుంది గనక ఈ తేడా అక్కడే బయటపడుతుంది.

మరి సన్నగా చెయ్యరేం అంటే, బండి పల్టీ కొట్టినప్పుడు పైకప్పు నలిగి మీ తల మీదికి రాకుండా ఆపేది ఆ పిల్లర్లే. వీఆర్ చూపించడం వరకే, దేన్ని వదులుకోవాలో తేల్చేది మీటింగులో కూర్చున్న మనుషులు. నా అనుమానం ఏంటంటే, వాళ్లు పెట్టుకుని చూసే రోడ్డు చాలాసార్లు నున్నటి హైవేనే, మీ ఘాట్‌లో సుంకి దగ్గరి మలుపులు పెట్టి చూడమని ఎవరు అడుగుతారు?

కొరియాలో హ్యుందాయ్, కియా 2019లో పెట్టిన వీఆర్ హాల్లో మనుషుల కదలికలు పసిగట్టే 36 సెన్సర్లున్నాయి, ఒకేసారి 20 మంది ఒకే కారు చుట్టూ తిరిగి చూడొచ్చు. అంత హంగున్నా తలుపు బరువు, సీటు గట్టిదనం బొమ్మలో తెలియవు. చీర కట్టుకున్న పెద్దావిడ ఎక్కుతుంటే మోకాలు ఎంత పైకి లేపాలో కూడా అంతే. అందుకని నిజం సీటు, స్టీరింగ్, అసలు ఎత్తులో తలుపు గడప బిగించిన ఒక చట్రం కట్టి, హెడ్‌సెట్ బొమ్మని దానికి సరిగ్గా కలిపి, ఎక్కి దిగి చూస్తారు. దాన్ని సీటింగ్ బక్ అంటారు. పైగా హెడ్‌సెట్‌లో దూరాలు ఉన్నదానికన్నా తక్కువగా తోస్తాయి, కాబట్టి మట్టితో చేసే క్లే మోడల్ ఇంకా పోలేదు.

మీ మటుకు, పెడల్స్ అందినంతలో సీటు కొంచెం వెనక్కి జరపండి, కంటికి దూరమైన కొద్దీ పిల్లర్ మూసే మేర తగ్గుతుంది. మెడ సాచడం మాత్రం మానొద్దు.

ప్రశ్న: డిప్లొమా మెకానికల్ చదువుతున్నాను. వీఆర్‌లో కార్లు డిజైన్ చేసే పని నేర్చుకోవాలంటే ముందు హెడ్‌సెట్ కొనాలా?
– ఒక విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: వద్దు బాబూ. కంప్యూటర్‌లో 3డీ బొమ్మలు గీసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ముందు అందులో ఒక డోర్ హ్యాండిల్ సరైన కొలతలతో గీయి. తర్వాత ఎవరిదైనా హెడ్‌సెట్ దొరికితే ఆ బొమ్మనే అందులోనూ చూసుకోవచ్చు, దానికి తగ్గ యాడ్-ఆన్ (తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) బ్లెండర్‌కి ఉంది. మొదటిసారి పెట్టుకున్నప్పుడు కడుపులో తిప్పితే టెన్షన్ పడకు, కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లోపలి భాగం లేదంటుంది, ఆ తగువే వికారం. వెంటనే తీసేసి కాసేపు కూర్చో.